రెండు పేర్ల సంఘం

బుధవారం పొద్దున నారాయణాలోని ప్రెస్ నుంచి కొత్త సంవత్సరం క్యాలెండర్లు వచ్చాయి. బేర్ సరాయ్ సందులోకి ఆటో రాదు కాబట్టి బసవపున్నయ్య మలుపు దాకా వెళ్ళి, పది కట్టలూ ఒక్కొక్కటిగా భుజాన వేసుకుని కొట్లోకి మోశాడు. ఒక కట్ట విప్పి పై క్యాలెండరు తీసి గుమ్మంలో వెలుతురుకి పట్టి చూశాడు. అంచులు కలిశాయి. రంగు పక్కకి జరగలేదు. పైన తగరపు పట్టీ గట్టిగానే పట్టింది. ప్రెస్సువాడు మోసం చెయ్యలేదని తేలాక గాని ఆయన బొమ్మల వైపు చూడలేదు.

పైన బైబిలు వాగ్దాన వాక్యం. దాని కింద పాస్టరు జీవరత్నంగారూ ఆయన భార్యా. మధ్యలో పన్నెండు నెలలు. అడుగున నవ్వుతున్న అమ్మాయి ఫొటో, పక్కన ఎర్ర అక్షరాల్లో 'మన సంఘపు బిడ్డ బి. లలితకుమారి, ఇంజనీరింగ్ సర్వీసు పరీక్షలో నెగ్గి రైల్వే అధికారిగా ఎంపిక. దేవునికి స్తోత్రం' అనీ, ఆమె ర్యాంకూ. ఆ కిందే బసవపున్నయ్య కొట్టు ప్రకటన. ఆ అమ్మాయి నాలుగేళ్ళు ఈ కొట్లోనే నోట్సు జిరాక్సు తీయించుకుని, స్పైరలు వేయించుకుని చదివింది. ఫొటో కింద తన కొట్టు పేరుంటే బేర్ సరాయ్, జియా సరాయ్ గదుల్లో ఉన్న తెలుగు పిల్లలంతా ఇటే వస్తారని ఆయన అంచనా. పాస్టరుగారికి సంఘం పేరు, తనకి గిరాకీ. ఇద్దరికి లాభం ఉన్న బేరంలో మూడో మనిషికి నష్టం ఉండొచ్చని ఆయనకి తట్టలేదు.

గుర్‌గావ్‌లో ప్రార్థన కూటం నడిపే కస్తూరి తొమ్మిదింటికి ఆఫీసు క్యాబు మలుపులో ఆపించి నలభై పట్టుకుపోయింది. మిగతావి ఆదివారం ఆరాధనలో పంచాలి. ఆర్.కె. పురంలో ఒక బడి హాలు అద్దెకి తీసుకుని జరుపుకునే ఆ తెలుగు సంఘానికి బసవపున్నయ్యే కార్యదర్శి.

పదింటికి లలితకుమారి వచ్చింది. పోలీసు విచారణకి సర్టిఫికెట్లు మూడేసి నకళ్ళు కావాలంది. మిషను వేడెక్కేలోగా ఆయన ముచ్చటపడి క్యాలెండరు తీసి ఆమె ముందు బల్ల మీద పరిచాడు. ఆమె చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. తర్వాత అరచెయ్యి తన పేరు మీద పెట్టి అలాగే ఉంచింది.

"ఎన్ని పోయినయ్ అంకుల్?"

"ఎక్కడికమ్మా?"

"బయటికి. ఈ కొట్టు దాటి ఎన్ని పోయినయ్?"

నలభై అన్నాడు. అప్పుడు గాని ఆయన చేతిలో ఉన్న కాగితాల దొంతర కింద పెట్టలేదు.

ఆ సంఘంలో ఒక పద్ధతి ఉంది. సభ్యుల రిజిస్టరులో బాప్తిస్మపు పేర్లే రాస్తారు, ఆఫీసు పేర్లు రాయరు. అలాగని ఏ తీర్మానమూ లేదు. సంఘంలో సగానికి సగం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు. ఆఫీసు కాగితాల్లో వాళ్ళు హిందూ ఎస్సీలు. బాప్తిస్మం తీసుకున్నట్టు తేలితే చట్టం ప్రకారం ఎస్సీ సర్టిఫికెట్టు చెల్లదు, దాని మీద వచ్చిన ఉద్యోగమూ నిలవదు. అందుకని సోమవారం నాగభూషణంగారు ఆదివారం ఎబెనేజరుగారు. లలితకుమారి అక్కడ కృపారాణి. పదకొండేళ్ళుగా రిజిస్టరు రాస్తూ బసవపున్నయ్య ఈ పద్ధతి ఒక్కసారీ తప్పలేదు. క్యాలెండరు దగ్గర తప్పాడు. ర్యాంకుల జాబితాలో ఉన్న పేరే వేస్తే చూసేవాళ్ళు నమ్ముతారని, జాబితా ఎదురుగా పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసి మరీ ప్రెస్సుకి ఇచ్చాడు.

ఆయన తెనాలి కోమట్ల ఇంట పుట్టాడు. బాప్తిస్మంతో ఆయనకి చుట్టాలు పోయారు గాని, ప్రభుత్వం దగ్గర పోయేదేమీ లేదు. కొట్టు బోర్డు మీద ఉన్న పేరే సంఘంలోనూ చెల్లింది.

లలితకుమారి గొంతు పెంచలేదు. శుక్రవారమో శనివారమో పోలీసు మనిషి వస్తాడని చెప్పింది. ఫారంలో తనని ఎరిగినవాళ్ళ పేర్లు ఇద్దరివి అడిగితే ఒకటి అంకుల్ పేరే రాశానంది. తన తర్వాతి ర్యాంకువాడు ఇక్కడే మూడో సందులో ఉంటాడనీ, తనని తప్పిస్తే ఆ సీటు వాడిదేననీ చెప్పింది.

"వాడు చెడ్డోడు కాదు. కాని ఇదొక్కటి దొరికితే కవర్లో పెట్టి పైవాళ్ళకి పంపకుండా ఉండలేడు. నేనైనా ఉండలేనేమో."

నకళ్ళు తీసుకోకుండానే వెళ్ళిపోయింది. బసవపున్నయ్య కట్టలన్నీ గోడవారకి చేర్చి పైన గోనెపట్టా కప్పాడు. కస్తూరికి ఫోను చేశాడు. ఆమె మీటింగులో ఉంది. సాయంత్రం మూడోసారి చేస్తే ఎత్తి, పంచేశాను అంకుల్, బాగున్నాయన్నారు అంది. ప్రింటులో తప్పు పడింది, అన్నీ వెనక్కి తెప్పించమ్మా అన్నాడు ఆయన. ఏం తప్పని ఆమె అడిగితే తేదీలన్నాడు. అబద్ధం నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో చూసుకుని, ఇదేదో ఈ వారం పనికొచ్చేలాగే ఉందనుకున్నాడు.

*

గురువారం మధ్యాహ్నం పాస్టరుగారు స్కూటరు మీద వచ్చారు. మఫ్లరు విప్పకుండానే పట్టా కింద నుంచి ఒక క్యాలెండరు లాగి, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూసుకున్నారు. ఆయన ముఖం వెలిగింది. బడివాళ్ళు హాలు ఖాళీ చెయ్యమంటున్నారు. సొంత స్థలం కోసం తిరగని ఆఫీసు లేదు. మనవాళ్ళలోంచి ఒక పెద్ద అధికారి వచ్చిందని చూపించుకుంటే ఆ గుమాస్తాలు కనీసం కూర్చోమంటారని ఆయన ఆశ.

బసవపున్నయ్య జరిగింది చెప్పాడు. అడుగు పట్టీ కత్తిరించేస్తే క్యాలెండరుకి ఏ లోటూ ఉండదన్నాడు. దాంతోపాటు తన ప్రకటన కూడా పోతుంది, ఫరవాలేదన్నాడు.

పాస్టరుగారు క్యాలెండరు నెమ్మదిగా చుట్టారు. ఆయన చెడ్డవాడు కాదు. మొన్న వానాకాలంలో ఆ అమ్మాయికి డెంగీ వస్తే తొమ్మిది రోజులు ఇంటి నుంచి జావ మోసుకెళ్ళింది ఆయనే. మంచం పక్కన మోకాళ్ళ మీద ఉండి ప్రార్థన చేసిందీ ఆయనే. బసవపున్నయ్య అది కళ్ళారా చూశాడు. అందుకే ఆయన ఇప్పుడు అన్న మాట తూచడం కష్టమైంది.

"మనుషుల ఎదుట నన్ను ఎరగనన్నవాణ్ణి నేనూ ఎరగనంటానని ప్రభువు చెప్పాడా లేదా పున్నయ్యగారూ?"

"చెప్పాడండి. రోగాలు బాగుచేసిన వాళ్ళని ఎవరికీ చెప్పకుండా ఇంటికి పొమ్మనీ చెప్పాడు గదండీ. ఒక్కడి చేతా బలవంతాన సాక్ష్యం చెప్పించుకోలా."

"అప్పటికి ఆయన గడియ రాలేదు కాబట్టి."

"ఈ పిల్ల గడియ కూడా రాలేదనుకోండి. విచారణ అయ్యేదాకన్నా ఆగండి."

ఆ మాటకి పాస్టరుగారికి కోపం వచ్చింది. విచారణ అయ్యాక ప్రమోషను, అది అయ్యాక పెన్షను అన్నారు. జబ్బులో ఉన్నప్పుడు పనికొచ్చిన దేవుడు కుర్చీ దొరికాక పనికిరాడా అన్నారు. ముందు వరుసలో కూర్చునే రెండు పేర్ల పెద్దల్ని ఎప్పుడైనా ఇలా అడిగారా అని బసవపున్నయ్య నోటిదాకా వచ్చింది. వాళ్ళు అడిగించుకోరు. కమిటీ వాళ్ళది, హాలు అద్దె వాళ్ళ వల్లే నడుస్తోంది. ఆయన అడగలేదు. సంఘం వాళ్ళ పెళ్ళి శుభలేఖల దగ్గర్నుంచి పిల్లల ప్రాజెక్టు ఫైళ్ళ దాకా ఈ కొట్టుకే వస్తాయి. అది కూడా ఆ క్షణంలో ఆయనకి గుర్తుంది.

వెళ్ళబోతూ పాస్టరుగారు తన నిర్ణయం చెప్పారు. ఆదివారం కృపారాణి ముందుకొచ్చి ఈ ఉద్యోగం దేవుడిచ్చిందని సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే ప్రభువు బల్లలో ఆమెకి భాగం లేదు, రొట్టె గాని ద్రాక్షరసం గాని అందించవద్దు. ఎడమ వైపు వరుసలకి ట్రే తిప్పేది మీరే కాబట్టి మీకు చెబుతున్నానన్నారు. క్యాలెండర్లు ఉన్నవి ఉన్నట్టే పంచాలన్నారు.

స్కూటరు సందు దాటేదాకా బసవపున్నయ్య గుమ్మంలోనే నిలబడ్డాడు. మూడో సందు మొగలో నలుగురు కుర్రాళ్ళు టీ తాగుతున్నారు. వాళ్ళలో ఆ తర్వాతి ర్యాంకువాడు ఎవరో ఆయనకి తెలియదు. నలుగురి వైపూ చూశాడు. నలుగురూ ఒకప్పుడు తన కొట్లో జిరాక్సులు తీయించుకున్నవాళ్ళే.

సాయంత్రానికి కస్తూరి క్యాబు డ్రైవరు చేత ముప్ఫై ఏడు పంపింది. మూడు రాలేదు. ఒకటి ఆమె ఆఫీసులోనే, ఆమె సీటు వెనక గోడకి ఉందట. మర్చిపోయిందట, రేపు సెలవు, సోమవారం తీసేస్తానంది.

*

శుక్రవారం ఎవరూ రాలేదు. శనివారం పదకొండింటికి ఒక హవల్దారు ఫైలు చంకన పెట్టుకుని సందులో అడుగుతూ అడుగుతూ వచ్చాడు. హర్యానా మనిషి, నిండా యాభై ఏళ్ళు. కోటు మీద మంచు తడి. బసవపున్నయ్య కుర్చీ చూపించేలోగా ఆయన గోడవార ఉన్న కట్టల మీద, పట్టా పైనే కూర్చున్నాడు. ఎత్తు సరిపోయిందేమో, కాళ్ళు బారజాపాడు.

బసవపున్నయ్య టీ చెప్పి కౌంటరు వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. చేతులకి పని కావాలి. ఎవరిదో నోట్సు తీసుకుని అంచులు బల్ల మీద తట్టి, పంచింగు మిషన్లో పెట్టి మీట నొక్కాడు. స్పైరలు తీగ మొదటి బెజ్జంలో దూర్చి తిప్పుతూ పోయాడు. తీగ సగంలో పక్క బెజ్జంలోకి ఎక్కింది. వెనక్కి తిప్పి మళ్ళీ ఎక్కించాడు. ఇరవై ఏళ్ళలో ఆయన చేతిలో తీగ అలా ఎక్కడం అరుదు.

హవల్దారు అడిగినవి మామూలు ప్రశ్నలే. ఎన్నాళ్ళ నుంచి తెలుసు, నడవడి ఎలాంటిది, ఎవరెవరు వచ్చి పోతుంటారు. బసవపున్నయ్య ఆచితూచి జవాబు చెప్పాడు. ఆయన దగ్గర ఒక అబద్ధం సిద్ధంగా ఉంది. రెండు రోజులుగా దాన్ని నాలుగు వైపుల నుంచీ నొక్కి చూసుకున్నాడు. ఆ పిల్ల ఆదివారాలు బడి హాలుకి వెళ్తుంది, అక్కడ తెలుగు పిల్లలకి లెక్కలు చెబుతుంది. అంతే. ఎక్కడా పగులు లేదు.

హవల్దారు టీ గ్లాసు కట్ట పక్కన నేల మీద పెట్టాడు. వంగినప్పుడు పట్టా జరిగి, కాగితం చిరిగిన చోట ఎర్ర అక్షరాలు రెండు బయటపడ్డాయి. తెలుగు అక్షరాలు. అవి ఆయనకి చదవడం రాదని తెలిసినా బసవపున్నయ్య చేతిలో తీగ ఆగిపోయింది.

"అచ్ఛా లాలాజీ, ఇస్త్రీవాడు చెప్పాడు. అమ్మాయి ప్రతి ఆదివారం గిర్జాకి వెళ్తుందట?"

బసవపున్నయ్య నోరు తెరిచాడు. హవల్దారు ఆయన జవాబు కోసం చూడలేదు. కలం తీసి ఫైలు తొడ మీద పెట్టుకుని రాసుకుంటూ, తీరుబడిగా, మా ఊళ్ళో కూడా నాలుగిళ్ళవాళ్ళు ఈసాయీ మతంలో కలిశారని మొదలుపెట్టాడు.

"అయితే ఏమైంది? మా పొలంలోకి వచ్చేదీ వాళ్ళే, మా గుమ్మం బయట కూర్చునేదీ వాళ్ళే. నీళ్ళలో ముంచి తీస్తే జాత్ కడుక్కుపోతుందా లాలాజీ? ఉన్నదే రాస్తున్నా."

ఉన్నదే రాశాడు. మతం హిందూ, కులం ఫారంలో ఉన్నట్టే, నడవడి మంచిది, అభ్యంతరం లేదు. సాక్షి సంతకం చోట వేలు పెట్టి చూపించాడు. బసవపున్నయ్య సంతకం చేశాడు. టీ బాగుందని, చలి ఇంకా పెరుగుతుందని చెప్పి హవల్దారు లేచి వెళ్ళిపోయాడు.

బసవపున్నయ్య పట్టా మళ్ళీ సర్ది కప్పాడు. గండం గడిచింది. పైసా ఖర్చు లేకుండా, ఒక్క అబద్ధమైనా ఆడకుండా గడిచింది. ఇంత చవకగా దొరికిన సరుకులో ఎక్కడో లోపం ఉండాలని ఆయన అనుభవం. ప్రేమించడానికి పుట్టిన సంఘం ఆ పిల్లని బయటపెట్టబోయింది. నీచంగా చూసేవాడు గట్టెక్కించాడు. ఇది ఎటు తిప్పి కూడినా కలవలేదు.

ఆమె గది మూడో అంతస్తులో. తలుపు తీసే ఉంది. పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతోంది. అయిపోయిందమ్మా, మంచిగా రాశాడు, సంతకం చేశానన్నాడు. ఆమె పుస్తకం పట్టుకున్న చేత్తోనే మంచం మీద కూర్చుంది.

"చర్చి సంగతి అడగలేదా?"

అడిగాడన్నాడు. ఏం చెప్పారంది. ఏమీ చెప్పలేదు, చెప్పనివ్వలేదన్నాడు.

"మరి ఆయన ఏమన్నాడు?"

దుకాణంలో అయితే ఇక్కడ ఒక మాట మార్చేవాడు. కొనేవాడికి మంచిది చూపించి చెడ్డది వెనక పెట్టడం ఆయనకి అలవాటైన పనే. ఆయన గుమ్మంలోనే నిలబడి, హవల్దారు అన్న మాట ఏదీ వదలకుండా చెప్పాడు.

లలితకుమారి తల ఊపింది. ఏడుస్తుందేమో అనుకున్నాడు. ఏడవలేదు.

"మా ఊరి సమాధుల తోటకి రెండు గేట్లు అంకుల్. రెడ్డి క్రైస్తవులకొకటి, మాకొకటి. మా నాన్నని వానలో చుట్టూ తిప్పి వెనక గేటులోంచి తీసుకుపోయాం. ముందు గేటుకి తాళం కూడా ఉండదు, తోస్తే తెరుచుకుంటది. ఎవరూ తొయ్యరు." చేతిలో పుస్తకం పెట్టెలో పెట్టింది. "రేపు వస్తాను. సాక్ష్యం మాత్రం చెప్పను. ఆ నాలుగు గోడల మధ్య చెప్పటానికి నాకేం సిగ్గు లేదు. ఆ ముందు వరుస నోరు విప్పినరోజు నేనూ విప్పుతా."

పాస్టరుగారి నిర్ణయం ఆమెకి అప్పటికే తెలుసు. పాస్టరమ్మగారు ఫోను చేసి ఏడ్చారట, ఒక్క నిమిషం నిలబడి స్తోత్రం అని కూర్చోవే అని.

బసవపున్నయ్య కొట్టుకి వచ్చి షట్టరు సగం దించాడు. కట్టలు విప్పి, యాభై యాభైగా పేపరు కటింగు మిషన్లో సర్ది, డిసెంబరు నెల కింద గీత చూసుకుని చక్రం తిప్పాడు. కత్తి దిగిన ప్రతిసారీ ఆ అమ్మాయి నవ్వూ తన కొట్టు పేరూ కలిసి ఒకే పట్టీగా కింద పడ్డాయి. చేతులు లాగుతున్నా చీకటి పడకముందే ముగించాడు. పట్టీలన్నీ నానబెట్టి ముద్ద చేసి పారబోశాడు. గుర్‌గావ్‌లో ఉన్న మూడు మాత్రం ఆయన లోపల ఎక్కడో వేలాడుతూనే ఉన్నాయి.

*

ఆదివారం హాల్లోకి వచ్చిన పాస్టరుగారు గుమ్మం పక్కన ఉన్న క్యాలెండర్లలో ఒకటి విప్పి చూశారు. కింద అంచు దాకా చూసి, మళ్ళీ చుట్టి అక్కడే పెట్టారు. ఆరాధన అయ్యాక రిజిస్టరు బల్ల మీద పెట్టి వెళ్ళండి పున్నయ్యగారూ అన్నారు, ఎప్పటి మర్యాదతోనే. సరేనన్నాడు. రిజిస్టరు వెంటే తెచ్చాడు. కార్యదర్శి పని పోతుందని ఆయనకి పొద్దున స్నానం చేస్తున్నప్పుడే తెలుసు.

లలితకుమారి చివరి వరుసలో, ఎడమ కొసన కూర్చుంది. సాక్ష్యాల సమయంలో పాస్టరుగారు ఎవరైనా ఉన్నారా అని రెండుసార్లు అడిగారు. చివరి వరుస కేసి చూస్తూ మూడోసారి అడిగారు. నాగభూషణంగారు మోకాలి నొప్పి తగ్గినందుకు వందనాలు చెప్పారు. ఇంకెవరూ లేవలేదు.

బల్ల మీద తెల్లగుడ్డ తీశారు. సాక్ష్యాన్ని దాచుకున్నవారు తమంతట తామే బల్లకి దూరంగా ఉండడం మేలని పాస్టరుగారు పేరు చెప్పకుండా అన్నారు. తర్వాత రొట్టె ముక్కల పళ్ళెం, దాని వెనక చిన్న గాజు కప్పుల ట్రే బసవపున్నయ్య చేతికి వచ్చాయి. కుడి వైపుకి ఇంకొకరు వెళ్ళారు. అక్కడి ఆచారం ప్రకారం అందరూ రొట్టె, కప్పు పట్టుకుని కూర్చుంటారు. ట్రేలు తిరిగి వచ్చాక, తిప్పినవాళ్ళకి పాస్టరుగారే తన చేత్తో అందిస్తారు. ఆయన ఒక్క మాట అన్నాక అందరూ కలిసి పుచ్చుకుంటారు.

ముందు వరుసలో నాగభూషణంగారు తీసుకున్నారు. పక్కాయన తీసుకున్నాడు. ఆ పక్కాయన తీసుకున్నాడు. వాళ్ళ రెండో పేర్లు బసవపున్నయ్యకి వరసగా వచ్చు. ఎవరి చెయ్యీ వణకలేదు. ట్రేలో గాజు కప్పులు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి. పాట రెండో చరణంలోకి వెళ్ళింది. వరుస వరుసకీ అడుగు చిన్నదైంది. ఇక్కడి నుంచి వెనక్కి తిరిగితే ఏమీ పోదు. రిజిస్టరు కూడా నిలిచినా నిలవొచ్చు.

చివరి వరుస కొసకి వెళ్ళి పళ్ళెం, ట్రే రెండూ వంచాడు. లలితకుమారి ఆయన ముఖం కేసి చూసింది గాని చెయ్యి చాపలేదు. వెనక నుంచి పాస్టరుగారి చూపు ఆయన మెడ మీద ఉంది. పాట అయిపోయింది. ఎవరో దగ్గారు. బసవపున్నయ్య కదల్లేదు. మాట్లాడడం చేతకాదు కాబట్టి అలాగే వంగి నిలబడ్డాడు. ఆమె రొట్టె తీసుకుంది, తర్వాత కప్పు తీసుకుంది.

ఆయన ట్రే తెచ్చి బల్ల మీద పెట్టాడు. పాస్టరుగారు కుడి వైపు తిప్పినాయనకి రొట్టె ఇచ్చారు, కప్పు ఇచ్చారు. తర్వాత తెల్లగుడ్డ తీసి ట్రే మీద కప్పేశారు. బసవపున్నయ్య చాపబోయిన చెయ్యి చొక్కా జేబు సర్దుకుంటున్నట్టు పైకి పోయింది. రెండో వరుసలో తన కుర్చీ ఖాళీగా ఉంది. దాన్ని దాటి నడిచాడు. ఇంత పొడుగు హాలని ఎప్పుడూ తెలియలేదు. చివరి వరుసలో ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాడు.

పుచ్చుకోండి అన్నారు పాస్టరుగారు. హాలంతా తలలు వెనక్కి వాల్చింది.

లలితకుమారి రొట్టె తుంచి సగం ఆయన చేతిలో పెట్టింది. కప్పులో ఉన్నది ఒక్క గుక్కే. అందులోంచి కాస్త తాగి, మిగిలింది ఆయన వైపు పట్టింది. పాతికేళ్ళ సంఘంలో బసవపున్నయ్య ఎవరి ఎంగిలీ తాగలేదు. ఇంట్లో భార్య గ్లాసు కూడా ముట్టడు. గాజు అంచున ఆమె పెదవి తడి కనిపిస్తూనే ఉంది.

ఆయన కప్పు తిప్పుకోకుండా, ఆ వైపు నుంచే తాగాడు.